కొన్న ఆటకు మళ్ళీ తాళమా?

వండూర్ జెట్టీలో పడవ ఎక్కేవాళ్ళకు ఒక సంగతి ముందే తెలుస్తుంది. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనంలో సందర్శకులు ఎక్కువగా వెళ్ళేది జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు. ఈ రెండూ ఒకేసారి తెరిచి ఉండవు. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి, మిగిలిన నెలలు రెండోది. మనుషుల తాకిడి నుంచి పగడపు దిబ్బలకు కొంత విరామం ఉండాలన్నది ఇందులో ఉద్దేశం. ఏ దీవి తెరిచి ఉందో టికెట్ కొనకముందే చెబుతారు. టికెట్ కొని పడవ ఎక్కినవాళ్ళను దీవి ఒడ్డున ఆపి, "ఇంకో టికెట్ కొంటేనే దిగనిస్తాం" అని ఎవరూ అనరు.

వీడియో గేముల్లో మాత్రం అచ్చంగా ఇదే జరుగుతోంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా పక్కింటివాళ్ళ అబ్బాయి ఒక రోజు నన్ను పట్టుకుని అడిగాడు. "మావయ్యా, ఈ ఆట నేను డబ్బులిచ్చి కొన్నదే. మొన్నటిదాకా ఈ భాగం ఆడాను కూడా. ఇప్పుడు కొత్త ప్యాక్ కొంటేనే తెరుచుకుంటుందట. ఇదేం లెక్క?" ఆటల గోల మనకెందుకులే అని తోసేయాలనిపించింది. కానీ వాడు అడిగింది ఆటకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. సాఫ్ట్‌వేర్ రూపంలో అమ్ముడయ్యే ప్రతి వస్తువుకూ అది వర్తిస్తుంది. డబ్బు తీసుకుని ఇచ్చిన దానికి, అమ్మినవాడు తర్వాత మళ్ళీ తాళం వేయవచ్చా?

వేయకూడదన్నది నా అభిప్రాయం. కారణాలు చెప్పేముందు ఆ తాళం ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ఒక గేమును విడుదల చేశాక కంపెనీలు దానికి అదనపు భాగాలు తయారుచేసి విడిగా అమ్ముతాయి. వీటిలో పెద్దవాటిని ఎక్స్‌పాన్షన్ అంటారు. ఇది పాత పద్ధతే. మన ఊళ్ళ ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరం కుర్రాళ్ళు ఆడిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' 1999లో వచ్చింది. దాని ఎక్స్‌పాన్షన్ 'ది కాంకరర్స్' 2000లో వచ్చింది. అప్పట్లో అది ఇంకో సీడీ. కొనుక్కుంటే కొత్త రాజ్యాలు వస్తాయి. కొనకపోతే పాత సీడీ ఎప్పటిలాగే నడుస్తుంది. కంపెనీ మనసు మార్చుకున్నా మీ ఇంట్లో ఉన్న సీడీలోంచి ఒక్క కోటను కూడా తీసుకుపోలేదు.

ఇప్పుడు చాలా ఆటలు కంపెనీ సర్వర్‌ను అడగకుండా తెరుచుకోవు. ఆట ఫైళ్ళు మీ యంత్రంలోనే ఉంటాయి. అయితే ఏ ఫైలు తెరవాలో నిర్ణయించేది సర్వర్‌లో మీ ఖాతాకు ఎదురుగా ఉండే అనుమతుల జాబితా. అందులో ఒక గుర్తు 'ఉంది' నుంచి 'లేదు'కు మారితే చాలు, నిన్నటిదాకా తెరుచుకున్న తలుపు ఇవాళ మూసుకుంటుంది. మీ యంత్రంలో ఏమీ చెడిపోదు. మారేది ఆ జాబితాలో ఒక్క గుర్తే.

తాళం వేసే పద్ధతులు అన్నీ ఒకటి కావు. మొదటిది, వస్తువు చేతికిచ్చి తాళం చెవి మాత్రం దాచుకోవడం. 2012 మార్చిలో క్యాప్‌కామ్ విడుదల చేసిన 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' డిస్కులోనే 12 మంది యోధుల ఫైళ్ళు ఉన్నాయి. వాళ్ళను తర్వాత విడిగా డబ్బుకు అమ్ముతారని తెలిసి ఆటగాళ్ళు మండిపడ్డారు. రెండోది ఇంకా సూక్ష్మమైనది. తలుపు తెరిచే ఉంచి, గడప ఎత్తు పెంచడం. 2017 సెప్టెంబరులో వచ్చిన బంగీ సంస్థ గేము 'డెస్టినీ 2' దీనికి ఉదాహరణ. అందులో ప్రతి ఆటగాడికీ ఒక శక్తి అంకె ఉంటుంది. మూల ఆటలో దాని గరిష్ఠ పరిమితి 305. మీ అంకెకూ మీరు ఎదుర్కొనే శత్రువు అంకెకూ తేడా పెరిగేకొద్దీ మీ దెబ్బ బలం తగ్గుతుంది, మీకు తగిలే దెబ్బ బలం పెరుగుతుంది. ఆ ఏడాది డిసెంబరు 5న 'కర్స్ ఆఫ్ ఒసైరిస్' అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. కొన్నవాళ్ళకు పరిమితి పెరిగింది. దాంతోపాటు మూల ఆటలోని అత్యంత కఠినమైన పోరు స్థాయిని కూడా పైకి జరిపారు. ఎక్స్‌పాన్షన్ కొననివాళ్ళు 305 దగ్గరే ఆగిపోయారు కాబట్టి, తాము ముందే డబ్బు కట్టిన ఆ భాగం వాళ్ళకు అందకుండా పోయింది. విమర్శలు వెల్లువెత్తాక బంగీ తప్పు ఒప్పుకుని, ఆ పోరు స్థాయిని మళ్ళీ 300కు దించింది.

మూడోది పూర్తిగా తీసేయడం. అదే ఆటలో 2020 నవంబరు 10న మరో ఎక్స్‌పాన్షన్ వచ్చిన రోజే మూల కథనూ, అంతకుముందు విడిగా డబ్బుకు అమ్మిన 'కర్స్ ఆఫ్ ఒసైరిస్' కథనూ తొలగించారు. డబ్బు పెట్టి రెండూ కొన్నవాళ్ళకు రెండూ మిగల్లేదు.

కంపెనీల వైపు వాదన కూడా వినాలి. ఆట ఏటేటా పెరుగుతూ పోతే దాని పరిమాణం వంద గిగాబైట్లు దాటుతుంది. పాత భాగాలను కొత్త వాటితో కలిపి పరీక్షించే పని పెరుగుతుంది. సర్వర్లకు నెలనెలా ఖర్చు ఉంటుంది. ఆటగాళ్ళు పాత కొత్త భాగాలుగా చీలిపోతే జట్టు కట్టడానికి తగినంతమంది దొరకరు. ఈ ఇబ్బందులు నిజమైనవే. కొత్త భాగం తయారుచేయడానికి వందలమంది పనిచేస్తారు కాబట్టి దానికి ధర పెట్టడంలోనూ తప్పు లేదు. నా అభ్యంతరం కొత్తదానికి ధర పెట్టడం మీద కాదు. పాతదాన్ని తాకట్టు పెట్టి కొత్తదాన్ని అమ్మడం మీద.

పైగా ఈ ఇబ్బందులకు వేరే దారులు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' కొత్త రూపానికి 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. రాజేంద్ర చోళుడి దండయాత్రలు అందులో ఉన్నాయి. దాన్ని కొననివాళ్ళు కూడా కొన్నవాళ్ళతో కలిసి ఒకే బరిలో ఆడవచ్చు. కొత్త రాజ్యాలను ఎంచుకోలేరు, అంతే. ఆటగాళ్ళు చీలిపోలేదు, పాత ఆట చెడలేదు.

అండమాన్‌లో ఉన్నవాళ్ళకు ఈ విషయం మరింత బాగా అర్థమవుతుంది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఇక్కడి ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడేది. 80 గిగాబైట్ల ఆటను సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో దించుకోవాలంటే ఏకధాటిగా ఏడు రోజులకు పైగా పడుతుంది. అదే 100 మెగాబిట్ల వేగంతో గంటా నలభై ఏడు నిమిషాలు చాలు. వేగం లేని రోజుల్లో డిస్కు తెచ్చుకుంటే ఆట మొత్తం చేతిలో ఉండేది. వేగం వచ్చాక ఆట సులువుగా వస్తోంది, అంత సులువుగానూ పోతోంది. కేబుల్ తెచ్చిన సౌకర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే తీగ చివర ఉన్న సర్వర్ ఎవరి చేతిలో ఉందో ఆ చేతికే మన కొనుగోలు మీద అధికారం వెళ్ళిపోతోందని గుర్తించాలి.

ఆ అధికారం ఎంతవరకు వెళ్తుందో 2024 మార్చి 31న తేలింది. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన 'ది క్రూ' అనే కార్ల పందెం ఆట సర్వర్లను ఆ రోజు మూసేసింది. ఒంటరిగా ఆడుకునే భాగానికి కూడా సర్వర్ కావాల్సిందే కాబట్టి ఆట మొత్తం పనికిరాకుండా పోయింది. దీని మీద మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి ఐరోపాలో 2025 జులైలో సంతకాలు పది లక్షలు దాటాయి.

చట్టాలు కొంత కదిలాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, డిజిటల్ వస్తువును 'కొనండి' అంటూ అమ్మేవాళ్ళు, అది వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. లేదా, తర్వాత తీసేయడానికి వీల్లేని విధంగా ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన డిజిటల్ కంటెంట్ ఆదేశం మరో అడుగు ముందుంది. అమ్మిన డిజిటల్ వస్తువును తర్వాత మార్చాలంటే ఒప్పందంలో రాసిన సరైన కారణం ఉండాలి, కొన్నవారి మీద అదనపు ఖర్చు పడకూడదు. మార్పు వల్ల చెప్పుకోదగ్గ నష్టం జరిగితే, పాత రూపాన్ని అలాగే ఉంచుకునే వీలు కల్పించకపోతే, ఒప్పందం రద్దు చేసుకునే హక్కు కొన్నవారిది. 'అదనపు ఖర్చు పడకూడదు' అన్న ఆ మాటే పక్కింటి అబ్బాయి ప్రశ్నకు సరైన జవాబు.

మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందాలకు నిర్వచనం ఉంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతు కూడా అందులోకి వస్తుంది. 2023 నవంబరులో కేంద్రం 13 రకాల మోసపూరిత డిజిటల్ పద్ధతులను గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. చూపించింది ఒకటి, అంటగట్టేది ఇంకొకటి అన్న పద్ధతి వాటిలో ఉంది. కానీ అమ్మిన చాలా నెలలకు వేసే తాళం గురించి ప్రత్యేకంగా లేదు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రధానంగా చూసింది డబ్బు పందేల ఆటలనే. గేము కొన్న మామూలు వినియోగదారుడి సంగతి ఇంకా మిగిలే ఉంది.

చేయాల్సింది మూడు పనులు. ఏ భాగం ఎంతకాలం తెరిచి ఉంటుందో, ఏది సర్వర్ లేకుండా నడవదో కొనే ముందే పెట్టె మీద, వెబ్ దుకాణంలో పెద్ద అక్షరాలతో చెప్పాలి. అమ్మిన భాగాన్ని అందుకోవడానికి తర్వాత ఇంకో కొనుగోలును షరతుగా పెట్టకూడదు. అంకెలు మార్చి పరోక్షంగా పెట్టినా అది షరతే. సాంకేతికంగా తీసేయక తప్పని పరిస్థితి వస్తే, సర్వర్ లేకుండా ఆడుకునే పాత రూపాన్నైనా ఇవ్వాలి, డబ్బైనా వెనక్కి ఇవ్వాలి.

ఆటలు చిన్న విషయమని కొందరు అనవచ్చు. కొత్త పెద్ద గేము ధర నాలుగైదు వేల రూపాయల దాకా ఉంటోంది. ఒక మామూలు ఇంట్లో పిల్లవాడు పండగ డబ్బులు దాచుకుని కొనే వస్తువు అది. ఇవాళ ఆటలో అలవాటైన పద్ధతి రేపు పాఠ్యపుస్తకాల యాప్‌లోకి, కారులోకి, ఇంట్లోని యంత్రాల్లోకి వస్తుంది.

పక్కింటి అబ్బాయి చివరికి ఆ ప్యాక్ కొనలేదు. పాత భాగం ఇంకా మూసే ఉంది. జాలీ బాయ్ మూసినప్పుడు మనం సర్దుకుపోతాం, ఎందుకంటే కారణం పగడాల బాగు కోసం, పైగా ముందే చెబుతారు. ఈ తాళానికి ఆ రెండూ లేవు.