రాతిపొరల సాక్ష్యము

తమిళనాడులోని అరియలూరు ప్రాంతమున సున్నపురాతి గనులు త్రవ్వునప్పుడు ఆలుచిప్పలు, గుల్లలు, చుట్టచుట్టుకొన్న అమ్మొనైటులు బయల్పడుచుండును. నేడచ్చట సముద్రము లేదు. క్రిటేషియస్ యుగమున నుండెననుటకు ఈ గుల్లలే సాక్షులు. అమ్మొనైటు జాతులు త్వరత్వరగా మారుచు వచ్చి, సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట అంతరించెను. కావుననే ఏ జాతి ఏ పొరలో నున్నదో చూచి, ఆ పొర కాలమును శాస్త్రజ్ఞులు నిర్ణయింపగలుగుచున్నారు. సమీపమున సాత్తనూరులో 18 మీటర్ల చెట్టుమాను ఒకటి రాయియై పడియున్నది. 1940లో దానిని గూర్చి తెలిపినవారు భూగర్భశాస్త్రవేత్త ఎం. ఎస్. కృష్ణన్ గారు. నేలపై పెరిగిన మాను కడలిగుల్లల నడుమ చేరుట చూడగా, ఏ నదియో దానిని ఈడ్చుకొని వచ్చియుండవలెను గదా!

ఇట్టి రాళ్లను పెకలించి ఇంట అలంకారముగా నుంచుకొనుటకు మేమొప్పము. ఏ చోట, ఏ పొరలో దొరకెనో వ్రాయని శిలాజము ఊరు పేరు లేని ఉత్తరము వంటిది. గనిరాయి ఎటులును సిమెంటు కొలుములకు పోవుచున్నది; కొన్ని మేలైన పొరలనైనను త్రవ్వక విడువవలెనని మా అభిప్రాయము. తల్లిదండ్రులు బిడ్డలనచ్చటికి తోడ్కొనిపోవునప్పుడు సుత్తె మాని కాగితము, పెన్సిలు చేతికిచ్చిన చాలును.