యంత్రాన్ని నేరుగా అడగండి

పిల్లలూ! మన తిరుచానూరు పద్మసరోవరంలో నీళ్ళెంత వున్నాయో తెలియాలనుకోండి. ఎవరినైనా పంపితే, "మోకాలి లోతు" అని వచ్చి చెబుతాడు. ఎవరి మోకాలు? పొడుగువాడిదా, పొట్టివాడిదా? అదే మీరు వెళ్ళి, నీటిపైన కనిపించే మెట్లు లెక్కపెడితే సందేహమే వుండదు.

కంప్యూటరుకు పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసేవారికీ ఈ చిక్కే వస్తుంది. మీ బడి ఫోటోలన్నిటినీ వేరే డిస్కులోకి నకలు చేసే ప్రోగ్రాం రాస్తున్నారు. ముందుగా అక్కడ ఖాళీ ఎంతో తెలియాలి గదా! కొందరు లినక్సులోని "డిఎఫ్" అనే ఆదేశాన్ని పంపి, అది తెచ్చిన పట్టికలో నాలుగో మాటను ఏరుకుంటారు. మామూలుగా ఖాళీ ఎంతో చెప్పేది అదే. కాని డిస్కు పేరులో ఒక ఖాళీజాగా వుందంటే మాటలన్నీ ఒక్కొక్కటి జరిగిపోతాయి. అప్పుడు నాలుగోది, వాడేసిన చోటు! నిండిన డిస్కును ఖాళీ అనుకుని ప్రోగ్రాం నకలు మొదలుపెడుతుంది. ఫోటోలు సగంలో ఆగిపోతాయి.

ఇంకా వినండి. విండోసులో డిఎఫ్ ఆదేశమే లేదు. యంత్రం భాష మారితే కొన్ని ఆదేశాల జవాబులో మాటలూ మారతాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగులోకే తెచ్చారు!

నిజానికి డిఎఫ్ కూడా ఆ లెక్కను ఆపరేటింగ్ సిస్టమును అడిగే తెస్తుంది. ఆ ప్రశ్న మనమే అడగవచ్చు. పైథాన్‌తోపాటే వచ్చే ఒక మాడ్యూలు పేరు ఎస్, హెచ్, యు, టి, ఐ, ఎల్ అనే ఆరక్షరాలు. అందులో "డిస్క్ అండర్‌స్కోర్ యూసేజ్" అనే ఫంక్షనుకు ఆ డిస్కులోని ఫోల్డరు పేరివ్వండి. మొత్తం, వాడినది, ఖాళీ అని మూడు సంఖ్యలు బైట్లలో వస్తాయి. నూరు కోట్లతో భాగిస్తే గిగాబైట్లు. 2012లో వచ్చిన 3.3 నుంచి ఈ సదుపాయం వుంది.

"ప్లాట్‌ఫామ్" మాడ్యూలులోని "సిస్టమ్" ఫంక్షను ఆపరేటింగ్ సిస్టము పేరు చెబుతుంది. మ్యాక్ యంత్రమైతే "డార్విన్" అంటుంది, కంగారుపడకండి! "ఓఎస్" మాడ్యూలులోని "సిపియు అండర్‌స్కోర్ కౌంట్" ప్రాసెసర్ల లెక్క చెబుతుంది. ర్యామ్ ఎంతో అన్ని యంత్రాల మీదా ఒకే తీరున తెలియాలంటే మాత్రం "పిఎస్‌యుటిల్" అనే దాన్ని విడిగా తెచ్చుకోవాలి.

బడి కంప్యూటరు మీదా, ఇంటి కంప్యూటరు మీదా ఇవి అడిగి చూడండి. జవాబులు వేరుగా వుంటాయి. ప్రశ్న మాత్రం ఒక్క అక్షరమైనా మారదు. అదే దీనిలోని లాభం.