పుట్టినరోజు కేకు కన్నా నెలకో ఆదివారం



పిల్లల పుట్టినరోజున ఆశ్రమానికో, నైట్ షెల్టర్‌కో వెళ్లి పండ్లు, బిస్కెట్లు పంచడం మన వైపు కూడా అలవాటవుతోంది. మంచి మనసుతో చేసేదే. కానీ చాలాసార్లు అది అరగంటలో అయిపోతుంది. కేకు కోస్తాం, ఫోటో దిగుతాం, స్టేటస్ పెట్టి వచ్చేస్తాం. పండు అందుకుంటున్న ఆ పెద్దాయన ముఖం ఊరంతా చూస్తుంది. ఆయనను అడిగే తీశామా? మన ఇంట్లో తాతయ్య ఫోటో ఎవరైనా అలా పెడితే ఊరుకుంటామా?

సేవను పిల్లలకు నేర్పాల్సిందే. కాకపోతే ఏడాదికోసారి జరుపుకునే వేడుకగా కాదు, నెలనెలా చేసే పనిగా నేర్పాలని నా అభిప్రాయం.

"ఇల్లు లేనివాళ్లు సిటీల్లో ఉంటారు, కాటారంలో ఎక్కడున్నారు టీచర్?" అని మీరు అడగవచ్చు. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు దాదాపు 17.7 లక్షల మంది. వారిలో 8.3 లక్షల మందికి పైగా గ్రామాల్లోనే ఉన్నారు. షెల్టర్ల ఏర్పాటు మాత్రం పట్టణాలను చూసుకునే జరిగింది. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు నగరాల్లో ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కూడా, పేరులోనే ఉన్నట్టు, పట్టణాల కోసమే. కాళేశ్వరం దారిలో ఉన్న మనలాంటి మండల కేంద్రంలో రాత్రి చలికి ముడుచుకుని పడుకున్న మనిషిని ముందుగా పట్టించుకోవాల్సింది చుట్టూ ఉన్న మనమే.

అందుకే నా ప్రతిపాదన ఇది. ఎనిమిదో తరగతి నుంచి పిల్లలు నెలకో ఆదివారం రెండు గంటలు ఇవ్వాలి. టర్మ్‌కు ఒకసారి వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఒక షెల్టర్‌కు టీచర్లతో కలిసి వెళ్లాలి. వెళ్లేముందు అక్కడివారికి ఫోన్ చేసి ఏం కావాలో అడగాలి. చలికాలంలో అందరికీ దుప్పట్లే గుర్తొస్తాయి. సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, లోపలి బట్టలు కూడా కావాలని అడిగితేనే తెలుస్తుంది. ఫోటోలు వద్దు.

వస్తువులతో పాటు పిల్లలు ఇవ్వగలిగేది ఇంకొకటి ఉంది, చదువు. మన పిల్లలు సోషల్ సర్వీస్ మీద ఇంగ్లీషులో రెండు పేజీల వ్యాసం రాస్తారు. ఒక అవ్వకు తెలుగులో పింఛను దరఖాస్తు రాసిపెట్టమంటే మాత్రం తడబడతారు. ఇంగ్లీషు చెప్పే టీచర్‌గా ఇది నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆ దరఖాస్తు రాయడం వస్తే అదీ చదువే.

"టెన్త్ ముందు ఈ టైమ్ వేస్ట్ ఎందుకు?" అనేది న్యాయమైన ప్రశ్న. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. మనం అడుగుతున్నది నెలకు రెండే గంటలు, పదో తరగతి వాళ్లకు చివరి టర్మ్‌లో అదీ వద్దు.

భద్రత గురించి మీ భయం కూడా సరైనదే. మీ సంతకం లేకుండా ఎవరినీ తీసుకెళ్లకూడదు. ఆడపిల్లలతో లేడీ టీచర్లు ఉండాలి. రోడ్డు మీద మతిస్థిమితం లేని వ్యక్తి కనిపిస్తే పిల్లలు దగ్గరికి వెళ్లకూడదు, పెద్దలకు చెప్పాలి. అలాంటివారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకు అప్పగించింది. వృద్ధుల కోసం 14567, పిల్లల కోసం 1098 నంబర్లు ఉన్నాయి. ఈ రెండు నంబర్లు నేర్పడంతోనే మొదలుపెట్టవచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత ఈ విషయం కూడా మాట్లాడుకుందాం. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పండి. ఒప్పుకుంటే మొదటి ఆదివారం మీరూ పిల్లలతో రండి.