జింకకు తేలిక తూటా చాలా?

రంగారెడ్డి జిల్లా వనస్థలిపురంలో ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. జింకలాంటి చిన్న ప్రాణికి ఆరున్నర గ్రాముల తేలికపాటి తూటా చాలన్నది రైఫిల్ వేటగాళ్ల లెక్క. అది వేగంగా దూసుకెళ్తుంది, భుజాన్ని గట్టిగా తన్నదు. కానీ దూరం పెరిగేకొద్దీ గాలికి పక్కకు జరుగుతుంది. ఎముకకు తగిలితే చితికిపోయి లోతుకు దిగకపోవచ్చు. అప్పుడు జింక వెంటనే చావదు. గాయంతో పారిపోయి ఏ పొదలోనో విలవిల్లాడి ప్రాణం విడుస్తుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో ఆ వేట మైదానమే కృష్ణజింకలకు నీడయింది. ఇప్పుడు కృష్ణజింకను వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. తూటా తేలికైనా శిక్ష మాత్రం బరువే!