పిట్ట కడుపులో ఏముంది?

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఓ ఊరుంది. దాని పేరు... నార్మల్! నవ్వకండి. టీచర్లను తయారుచేసే బడిని ఆ రోజుల్లో 'నార్మల్ స్కూల్' అనేవారు. మన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అదే మాట. 1857లో అక్కడ పెట్టిన అలాంటి కాలేజీ వల్లే, 1865లో ఊరికి ఆ పేరొచ్చింది.

ఆ కాలేజీలో ఓ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉండేది. 1867లో దాని బాధ్యత జాన్ వెస్లీ పావెల్‌కి అప్పగించారు. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మేజర్ ఆయన. ప్రభుత్వం ఏటా ఇచ్చేది జీతానికి 1500 డాలర్లు, మ్యూజియానికి 1000. నమూనాలు సేకరిస్తానంటూ భార్యనీ, విద్యార్థుల్నీ వెంటబెట్టుకుని రాకీ పర్వతాలకు వెళ్లారు. 1869లో ఏకంగా గ్రాండ్ కాన్యన్ గుండా పడవల్లో ప్రయాణం! అలాంటి మనిషి అద్దాల బీరువాల మధ్య ఎన్నాళ్లు కూర్చుంటారు?

1872లో ఆ కుర్చీలోకి వచ్చిన స్టీఫెన్ ఫోర్బ్స్ కూడా మాజీ సైనికుడే. పదిహేడేళ్లకే గుర్రపు దళంలో చేరారు. యుద్ధం అయ్యాక వైద్యం చదవబోయి మధ్యలో మానేశారు. పల్లెటూరి బళ్లలో పాఠాలు చెబుతూ, మొక్కలు సేకరిస్తూ తనంతట తనే నేర్చుకున్నారు. డిగ్రీ కూడా లేని ఆయన 1875 నుంచి అక్కడ కాబోయే టీచర్లకు జంతుశాస్త్రం చెప్పారు.

పక్షులు పంటకు మిత్రులా, శత్రువులా? రైతులకు అప్పట్లో ఇదో పెద్ద తగువు. పండ్లు తింటున్నాయని కొందరు కాల్చేసేవారు, పురుగుల్ని తింటాయని కొందరు వెనకేసుకొచ్చేవారు. ఫోర్బ్స్ వాదించలేదు. పిట్టల్ని పట్టి, పొట్టలు కోసి, లోపలున్న పురుగు కాళ్లనూ రెక్కల ముక్కలనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కేశారు. తేలిందేమిటంటే, అవి చెడ్డ పురుగుల్నీ తింటాయి, మంచివాటినీ తింటాయి, పండ్లూ తింటాయి. అయితే గొంగళిపురుగులు విరుచుకుపడిన యాపిల్ తోటలో మాత్రం పిట్టలు మిగతా తిండి తగ్గించి వాటిమీదే పడ్డాయి! చేపల పొట్టలకూ ఇదే పరీక్ష. ఒక ప్రాణిని విడిగా చూస్తే ఏమీ అర్థంకాదనీ, దాని చుట్టూ ఉన్నవాటన్నిటితో కలిపి చూడాలనీ 1880లోనే రాశారు. జీవావరణ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఆయన్నీ చెబుతారు. బీయస్సీ లేకుండానే 1884లో ఇండియానా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు.

మ్యూజియం 1877లోనే రాష్ట్ర ప్రయోగశాలగా మారింది. బడులకు నమూనాలు పంపడం కూడా దాని పనే. పేరొచ్చాక కష్టమొచ్చింది. పరిశోధన ఉండాల్సింది పంతుళ్ల కాలేజీలో కాదు, పెద్ద యూనివర్సిటీలో అన్నారు. 1885లో ప్రయోగశాల అర్బానాకి తరలిపోయింది, దాంతోపాటే ఫోర్బ్స్ కూడా. 'సరస్సు ఓ చిన్న ప్రపంచం' అంటూ ఆయన చేసిన ప్రసిద్ధ ప్రసంగం 1887 నాటిది కాబట్టి ఆ ఖ్యాతి అర్బానా ఖాతాలో పడింది. నన్నడిగితే అందులో సగం వాటా నార్మల్‌దే. ఆ పిట్టల పొట్టలు కోసింది అక్కడి బల్లల మీదే కదా!