గూగుల్ అడగని ప్రశ్నలు

మా అమ్మమ్మకి 84 ఏళ్లు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను ఇక లాభం లేదన్నారు. సంక్రాంతికి తెనాలి దగ్గర ఉన్న వాళ్ల ఊరెళితే, ఫోన్‌లో తల దూర్చేసి కూర్చున్న నన్ను చూసి, "ఏమే, అందులో అన్నీ ఉంటాయంటావుగా! మా నాన్న రాసిన కథ ఉందేమో చూడు. భారతిలో పడిందట. చూపు ఉండగా ఒక్కసారి చదువుకుంటాను" అంది.

ఇదెంత పని అనుకున్నా. గూగుల్‌లో ముత్తాత పేరు కొడితే, అదే పేరున్న ఓ రియల్ ఎస్టేట్ ఏజెంట్ ఫొటో వచ్చింది. సరేలే అని ఏఐ చాట్‌బాట్‌ని అడిగా. అది ఠక్కున చెప్పేసింది. కథ పేరు, నెల, సంవత్సరం, ఆఖరికి పేజీ నంబర్ కూడా! ఎగిరి గంతేసి అమ్మమ్మకి చెప్పేశా. అదీ నేను చేసిన తప్పు. ఆ నెల సంచిక స్కాన్ వెతికి పట్టుకుని చూస్తే, ఆ పేజీలో ఉన్నది అమృతాంజనం ప్రకటన. (రెండింటినీ పెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు గారే కాబట్టి అందులో వింతేం లేదు.) సంచిక మొత్తం తిరగేశా. ఆ పేరుతో కథే లేదు.

అమ్మమ్మ "పోనీలేవే" అంది. తిట్టినా బాగుండేది.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న ఫ్రెండ్‌కి ఈ గోడు చెప్పుకుంటే, "మా యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో 'లైబ్రేరియన్‌ని అడగండి' అని ఒక బటన్ ఉంటుంది. దక్షిణాసియా పుస్తకాలకి వేరే మనిషే ఉన్నారు. బయటివాళ్లు కూడా అడగొచ్చు, రాసి చూడు" అంది. రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకునే ఫారం నింపేశా. మూడు రోజులకి మెయిల్ వచ్చింది. ఆత్రంగా తెరిస్తే జవాబు లేదు. అన్నీ ప్రశ్నలే!

ఆయన ఏ పేరుతో రాసేవారు? కలం పేరేమైనా ఉందా? కథ వచ్చినప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు? భారతి అని చెప్పినవాళ్లు పత్రిక కళ్లతో చూశారా, ఎవరైనా అంటే విన్నారా? ఇంట్లో ఇంకెవరైనా రాసేవాళ్లా?

కాస్త చిరాకేసింది. అయినా అమ్మమ్మకి ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగా. నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. "చూడలేదే. మా పెదనాన్న చెప్పేవాడు." ఐదోది అడిగితే, "రాయడమంటే మా అమ్మేగా ఇంట్లో రాసేది. ఉత్తరాలు, పాలవాడి పద్దు, అన్నీ. నాన్న సంతకం పెట్టేవా..." అని మధ్యలోనే ఆగిపోయింది. చాలాసేపు ఫోన్‌లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అదంతా అలాగే టైప్ చేసి పంపించేశా.

ఇలా ఎదురు ప్రశ్నలు వెయ్యడాన్ని లైబ్రేరియన్లు రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారట. మనిషి మొదట అడిగేదీ, నిజంగా కావలసిందీ చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, ముందు ఆ రెండోది ఏమిటో తేల్చుకుంటారు. ఇది కొత్త సంగతేం కాదు. పాఠకుడి పక్కన నిలబడి సాయం చెయ్యడం లైబ్రేరియన్ పని అని శామ్యూల్ గ్రీన్ అనే అమెరికన్ లైబ్రేరియన్ 1876లోనే వ్యాసం రాశాడు. మన రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం వృథా కానివ్వకు అని. తరవాత అదే పని ఫోన్‌కీ, ఈమెయిల్‌కీ, చాట్‌కీ ఎక్కిందంతే. 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఓసీఎల్‌సీ కలిసి క్వశ్చన్‌పాయింట్ అని ఒక ఏర్పాటు చేశాయి. ఒక లైబ్రరీకి తెలియని ప్రశ్న ఇంకో లైబ్రరీకి వెళ్లేది. ఇక్కడ తలుపులు మూసేసినా ఇంకో ఊళ్లో ఎవరో ఒకరు జవాబిచ్చేవాళ్లు.

అడగడానికి సిగ్గుపడతారేమో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ల పెట్టె సంగతి వినండి. పాఠకులు అడిగిన పాత ప్రశ్నల చీటీలు 2014లో అక్కడో పెట్టెలో బయటపడితే వాటిని ఇన్‌స్టాలో పెట్టారు. ఏనుగు తరుముతున్నట్టు కలొస్తే అర్థమేమిటని ఒకరు, ఇంట్లో ఆక్టోపస్‌ని పెంచుకోవచ్చా అని ఇంకొకరు. వాటి ముందు మన ప్రశ్నలెంత!

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని మీకు తెలుసా? 1960 నాటి చట్టం అది. అంటే జిల్లా గ్రంథాలయానికి మీ ఇంటి నుంచి కూడా డబ్బు వెళుతోంది. మరి ఆ గ్రంథాలయాన్ని రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక ప్రశ్న అడగగలమా? పెద్ద యాప్ అక్కర్లేదు. యాప్ అంటే టెండరూ, ప్రారంభోత్సవం, ఆర్నెల్లకి పని చెయ్యని లాగినూ. జిల్లాకి ఒక నంబరు, రోజుకి రెండు గంటలు కూర్చుని జవాబిచ్చే ఒక మనిషి చాలు. నల్గొండలో ఎవరైనా పాత పత్రిక కోసం అడిగితే, పాత పత్రికలకి పేరుపడ్డ వేటపాలెం సారస్వత నికేతనానికి ఆ ప్రశ్న పంపొచ్చు. రీడింగ్ రూముల్లో గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లని అడగండి, నోటిఫికేషన్‌లో ఒక్క లైను అర్థం కాక ఎన్ని యూట్యూబ్ వీడియోలు చూస్తున్నారో.

మనిషి వద్దు, ఏఐని పెట్టేస్తే సరిపోతుంది అనేవాళ్లుంటారు. పెట్టండి, కానీ దాని వెనకాల ఒక మనిషి ఉండాలి. ఎందుకంటున్నానో అమృతాంజనం ప్రకటన చూసినదాన్ని నాకు తెలుసు.

ఈలోగా మీకేదైనా అవసరమైతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఆన్‌లైన్ సేవ ఉంది. ఉచితం, మనం కూడా అడగొచ్చు. వాళ్ల దగ్గర తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. అడిగేటప్పుడు ఎందుకు కావాలో, ఇప్పటికే ఎక్కడెక్కడ వెతికారో కూడా రాయండి. అలా అని రోగానికి మందో, కోర్టు కేసుకి సలహానో చెప్పమంటే చెప్పరు, ఎక్కడ చదవాలో మాత్రం చూపిస్తారు.

మా కథ సంగతి చెప్పాలిగా. ఇంకో తొమ్మిది రోజులకి రెండు పేజీల స్కాన్ వచ్చింది. భారతి కాదు, గృహలక్ష్మి. 1928లో కేసరి గారు మద్రాసులో మొదలుపెట్టిన ఆడవాళ్ల పత్రిక. కథ కింద మా తాతమ్మ పేరు, పుట్టింటి పేరుతో సహా! మెయిల్ చివర, "ఈవిడే మీ తాతమ్మ అని నేను ఖాయంగా చెప్పలేను. పేరూ, ఊరూ కలిశాయి. మిగతాది మీ ఇంట్లోవాళ్లే చెప్పాలి" అని రాశారు.

శనివారం బస్సెక్కా. ఫోన్‌లో అక్షరాల్ని వేళ్లతో లాగి లాగి పెద్దవి చేసి ఇస్తే, అమ్మమ్మ ఆ మంచి కంటి దగ్గర పెట్టుకుని ఒక్కో పదమే చదివింది. రెండో పేజీలో ఒక చోట ఆగింది. కథలో ఆవు పేరు గౌరి.

"మా గౌరేనే ఇది" అంది. "కుడి కొమ్ము విరిగిందని కూడా రాసిందే మా అమ్మ!"

తరవాత ఫోన్ నాకివ్వలేదు. చార్జింగ్ రెండు శాతానికి వచ్చేదాకా.