కారం తెరిచిన తలుపు

మహబూబాబాద్ జిల్లాలో మిర్చి ఏరే రోజులు వస్తే కూలీ తల్లుల చేతులు సాయంత్రానికి భగభగ మండుతాయి. నీళ్లతో ఎంత కడిగినా తగ్గదు. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కొబ్బరినూనె రాస్తే కాస్త నయం. అదే చేతిని వేడినీళ్లలో పెడితే మంట ఇంకా రేగుతుంది. ఊళ్లో అందరికీ అనుభవమైన ఈ సంగతికి కారణం మాత్రం 1997 దాకా శాస్త్రానికి అందలేదు.

దాన్ని పట్టుకున్నది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్. ఒకరోజు దుకాణంలో వరుసగా పేర్చిన మిరప సాస్ సీసాల ముందు నిలబడి, ఈ చిక్కుముడి ఎప్పటికైనా విప్పాలని ఆయన అంటే, తానూ శాస్త్రవేత్త అయిన భార్య హోలీ ఇంగ్రహామ్ వెంటనే మొదలుపెట్టమన్నారట. ఆయన ప్రయోగశాలలో మైకేల్ కాటరినా ఎలుక జాతి జంతువుల నొప్పి నరాల్లో పనిచేసే జన్యువులను సేకరించి, కారం సోకినా చలించని కణాల్లోకి వేల చొప్పున ఎక్కించాడు. ఆపై క్యాప్సైసిన్ వేసి చూశాడు. ఒక గుంపులో కణాలు స్పందించాయి. ఆ గుంపును విడగొట్టి, మళ్లీ విడగొట్టి, చివరికి ఒకే ఒక్క జన్యువు దగ్గరికి చేరారు. ఎంత ఓపిక!

ఆ జన్యువు తయారుచేసేది నరకణం పొరలో ఉండే ఒక అయాన్ చానల్. అదొక తలుపు లాంటిది. క్యాప్సైసిన్ తగలగానే తెరుచుకుంటుంది, కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, నరం మెదడుకు మంట కబురు పంపుతుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకునేది ఇదే. కారం అంటిన చేతికి అంతకంటే తక్కువ వేడి కూడా చురుక్కుమంటుంది. పక్షుల్లో ఈ చానల్‌కు క్యాప్సైసిన్ పట్టదు. రామచిలుక పండుమిర్చిని హాయిగా కొరుక్కు తినేది అందుకే.

జూలియస్ అక్కడితో ఆగలేదు. పుదీనా చల్లదనాన్ని పసిగట్టే చానల్, ఆవాల ఘాటుకు స్పందించే చానల్ ఆయన బృందం గుర్తించినవే. 2013లో యీఫాన్ చెంగ్‌తో కలిసి మిరప చానల్ రూపాన్ని దాదాపు పరమాణు స్థాయిలో చూపించారు. జన్యువు దొరికాక రూపం కనబడటానికి పదహారేళ్లు. 2021లో స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఒక్క ప్రశ్నను అన్నేళ్లు వదలకుండా పట్టుకునే వీలు కల్పించిన వ్యవస్థకూ ఆ గౌరవంలో వాటా ఉంది.

అదే 2021–22 పంటకాలంలో మన మిర్చి తోటలను నల్ల తామర పురుగు తినేసింది. మహబూబాబాద్, భూపాలపల్లి రైతులు పూత రాలిపోతుంటే చూస్తూ మందు మీద మందు కొట్టారు. ఫిప్రోనిల్ వంటి ఆ మందులు పనిచేసేది కూడా పురుగు నరాల్లోని అయాన్ చానళ్ల మీదే. పురుగు లొంగలేదు, అప్పు మిగిలింది. ఈ శాస్త్రం మన చేను గట్టుకు ఎంత దగ్గరిదో అంతకన్నా చెప్పాలా?

2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి భూపాలపల్లిలోనూ పండుతుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. పక్క చేనులోని ఘాటైన తేజ రకానికీ దీనికీ అంత తేడా ఎందుకన్నది మన పిల్లలు అడగదగ్గ ప్రశ్నే.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ మొదటి ఏడాదిలోనే నరకణాల పాఠం వస్తుంది. దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టించి వదిలేయకండని అధ్యాపకులను వేడుకుంటున్నాం. ఎర్రగా ఎండిన మిరపకాయ నుంచి పాఠం మొదలుపెట్టండి. అడిగిన పిల్లలకు పరిశోధన దారి చూపండి. ఆ దారిలో నిలబడటానికి ఏళ్ల తరబడి ఆసరా ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.